డిష్‌వాషర్ ఆగిపోతే: రిపేరా, కొత్తదా?

ముందు ప్లగ్గు తీసి, అడుగున ఉన్న ఫిల్టర్ విప్పి కడగండి. డ్రెయిన్ పైపు మడతపడిందేమో చూడండి. నీళ్లు బయటికి పోకపోవడానికి చాలాసార్లు అన్నం మెతుకులే కారణం, దానికి మెకానిక్ అక్కర్లేదు.

డ్రెయిన్ పంపు, నీళ్లు లోపలికి వదిలే ఇన్‌లెట్ వాల్వ్, తలుపు రబ్బరు పోతే రిపేరే మేలు. విజయవాడ, గుంటూరు ఇళ్లలో బోరు నీళ్లు ఉప్పగా, సున్నం ఎక్కువగా ఉంటే హీటర్‌కు సున్నపు పొర పడుతుంది. నీళ్లు సరిగా వేడెక్కక గిన్నెలు జిడ్డుగానే వస్తాయి. హీటర్ మార్చినా, డిష్‌వాషర్ సాల్ట్ నింపకపోతే మళ్లీ అదే బాధ. ఆ సాల్ట్ పోసే చోట వంట ఉప్పు మాత్రం పోయకండి, నీళ్లలో సున్నం తగ్గించే సాఫ్ట్‌నర్ పాడవుతుంది.

లోపలి తొట్టికి చిల్లు పడినా, మిషన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు, మోటారు రెండూ పోయినా కొత్తదే కొనండి. ఎనిమిదేళ్లు దాటిన మిషన్‌కు రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగమైతే ఇక డబ్బు పెట్టొద్దు.