ఉద్యోగం మారాలనుకునేవాళ్లకి ఓనెట్ సైట్ ఎంతవరకు పనికొస్తుంది?

స్కాన్ చేసిన కాగితాన్ని సాఫ్ట్‌వేరే చదివేస్తుంటే మన సంగతేంటి? డేటా ఎంట్రీలో ఉన్నవాళ్లకి ఇప్పుడిదే టెన్షన్. నేనూ ఆ పనిలోనే ఉన్నాను. ఇంకే పనికి మారొచ్చో చూసుకోవడానికి ఓనెట్ ఆన్‌లైన్ వాడుతున్నాను. ఏ వృత్తిలో ఏ పనులు చేయాలో, ఏ నైపుణ్యాలు కావాలో చెప్పే సైట్ ఇది. అమెరికా కార్మిక శాఖ నిధులతో నడుస్తుంది, ఉచితం. 1939 నుంచి అచ్చయిన ‘డిక్షనరీ ఆఫ్ ఆక్యుపేషనల్ టైటిల్స్’ అనే వృత్తుల వివరాల పుస్తకం స్థానంలో వచ్చింది. లాగిన్ గోల లేదు, కోర్సులు అంటగట్టే బేరాలూ లేవు.

దీనిలో నాకు బాగా నచ్చింది, ఒక్కో వృత్తిలో చేసే పనుల జాబితా ఇచ్చే ‘టాస్క్స్’ భాగం. డేటా ఎంట్రీ పేజీలో ఒక పని ఇలా ఉంది: ఎక్కించిన వివరాలను అసలు పత్రాలతో సరిచూసి తప్పులు పట్టుకోవడం. అకౌంట్స్, ఆడిటింగ్ క్లర్కుల పేజీకి వెళితే, అంకెలు, ఎంట్రీలు, కోడ్‌లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం అని ఉంది. రెండింటికీ కావలసింది తప్పులు పట్టే ఒకేలాంటి చూపు. ఇంటర్వ్యూల్లో మమ్మల్ని అడిగేది మాత్రం టైపింగ్ స్పీడ్! ఇది చదివాక రెజ్యూమెలో స్పీడ్‌ని కిందకి తోసి, తప్పులు పట్టే పనిని పైకి తెచ్చాను. సాఫ్ట్‌వేర్ల జాబితాలో ‘హాట్ టెక్నాలజీ’ అనే గుర్తు కూడా పనికొచ్చేదే. కంపెనీల ఉద్యోగ ప్రకటనల్లో తరచూ కనిపించేవాటికే అది పెడతారు.

అసలు చిక్కు ‘రిలేటెడ్ ఆక్యుపేషన్స్’ దగ్గర. చేసే పని, కావలసిన పరిజ్ఞానం దగ్గరగా ఉన్న వృత్తులను అక్కడ చూపిస్తారు. అయితే దగ్గరి వృత్తులన్నిటి మీదా పడే దెబ్బ కూడా సాధారణంగా ఒకటే. డేటా ఎంట్రీకి పక్కనే టైపిస్టులు. అమెరికా కార్మిక గణాంకాల బ్యూరో అంచనాల్లో ఇద్దరివీ తగ్గిపోయే ఉద్యోగాలే. నేను ముచ్చటపడ్డ అకౌంట్స్ క్లర్కులదీ అదే వరస. మునిగే పడవలోంచి ఇంకో మునిగే పడవలోకి దూకమన్నట్టుంది. వేగంగా పెరుగుతాయనో, ఖాళీలు ఎక్కువగా వస్తాయనో అంచనా ఉన్న వృత్తులకు ‘బ్రైట్ అవుట్‌లుక్’ గుర్తుంటుంది. దాన్ని చూడకుండా ఈ జాబితాను నమ్ముకోవద్దు.

పైగా ఆ గుర్తు, జీతాల లెక్కలు అమెరికావి. వేరే దేశంలో ఉన్నవాళ్లు పనుల వివరాలు తీసుకుని, గిరాకీ సంగతి తమ చోట వచ్చే ప్రకటనల్లోనే చూసుకోవాలి.

సైట్‌లో కనబడని విషయం ఇంకోటుంది. నియామకాలు జోరుగా ఉన్నప్పుడు మనుషులు దొరక్క, “మేమే నేర్పిస్తాం రండి” అంటారు. మందగించగానే అదే కుర్చీకి అదే పనిలో అనుభవం అడుగుతారు. నేను అప్లై చేసిన ఒక చోట మొదట ప్రకటనలో లేని అనుభవం షరతు తర్వాత వచ్చి చేరింది. ఈలోగా నా నైపుణ్యాలేం తగ్గలేదు, అవతల అప్లై చేసేవాళ్ల క్యూ పెరిగిందంతే. ఓనెట్‌లో మాత్రం నా వృత్తికీ, నేను అప్లై చేసినదానికీ మధ్య దూరం అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

మొబైల్‌లో వాడటం కాస్త చిరాకు, పేజీలు మరీ పొడవు. ఏ తరహా పనులు నచ్చుతాయో చెప్పే ఆసక్తుల టెస్ట్ కూడా ఉంది. చదువుకునే పిల్లలకైతే సరే, నాలాంటివాళ్లు దాటేయొచ్చు. రెజ్యూమె రాసుకునే ముందు తప్పక తెరవండి. ఉన్న ఉద్యోగం వదిలేయాలా వద్దా అన్నది తేల్చుకోవడానికైతే ఇదొక్కటే చాలదు. 5కి 3.5 ఇస్తాను.