కాలమ్ సార్టింగ్‌కి జావా కంపారేటర్: ఏళ్ల తరబడి వాడాక

మాది కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాల లెక్క చూసే సాఫ్ట్‌వేర్. రైతు పేరు, లాట్ నంబరు, బస్తాలు, వచ్చిన తేదీ, బయటికెళ్లిన తేదీ, ఇలా పట్టిక నిండా కాలమ్‌లే, ఏ హెడర్ నొక్కితే దాని ప్రకారం సార్ట్ కావాలి. పాత కోడ్‌లో దీనికో పొడవాటి స్విచ్ ఉండేది. కాలమ్‌కో కేసు, ప్రతి కేసులో అసెండింగ్‌కి ఒకటి, డిసెండింగ్‌కి ఇంకొకటి, ఫీల్డ్ పేరు తప్ప అన్నీ అవే లైన్లు.

2014లో జావా 8 వచ్చినప్పుడు అందరూ స్ట్రీమ్స్ గురించే మాట్లాడారు గానీ నాకు ఎక్కువ అక్కరకొచ్చింది కంపారేటర్.కంపేరింగ్. రెండు వరుసల్లో ఏది ముందో తేల్చేది కంపారేటర్, ఏ విలువని చూడాలో చెబితే దాన్ని తయారుచేసి ఇచ్చేది కంపేరింగ్. ఆ స్విచ్ పోయి ఒక మ్యాప్ మిగిలింది: ఒకవైపు కాలమ్ పేరు, రెండోవైపు ఆ విలువ తెచ్చే మెథడ్ రిఫరెన్స్, అంటే మెథడ్‌ని పిలవకుండా పేరుతో చూపించడం. కొత్త కాలమ్ కావాలంటే ఒక్క లైను చాలు. మ్యాప్‌లో లేని పేరు వస్తే వచ్చిన తేదీ ప్రకారం చూపిస్తాం.

మ్యాప్‌లో నేరుగా కంపారేటర్లే పెట్టుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. పెట్టొచ్చు, కానీ బయటికెళ్లిన తేదీ దగ్గర దెబ్బతింటాం. సరుకు ఇంకా గోదాములోనే ఉంటే ఆ తేదీ నల్ (విలువే లేదు), మామూలు కంపేరింగ్ ఎక్సెప్షన్ విసురుతుంది. సరే అని నల్స్‌ని చివరికి నెట్టే నల్స్‌లాస్ట్ చుడతాం, ఆ మొత్తానికి క్రమం తిప్పేసే రివర్స్‌డ్ పెడితే నల్స్ కూడా తిరగబడి పట్టిక పైకి ఎక్కుతాయి, కిందే ఉండాల్సిన ఖాళీ వరుసలు ముందు కనిపిస్తాయి. అందుకే దిశని లోపల మార్చాలి, నల్స్‌లాస్ట్ లోపల నేచురల్ఆర్డర్ (మామూలు క్రమం) గానీ రివర్స్ఆర్డర్ (తిరగేసిన క్రమం) గానీ పెట్టాలి. ఆ పని చేసే జెనరిక్ (ఏ టైపు విలువకైనా సరిపోయే) మెథడ్ ఒకటే, అన్ని కాలమ్‌లకీ అదే.

చివర్లో లాట్ నంబరుతో ఒక దెన్‌కంపేరింగ్ (మొదటి విలువలు సమానమైతే చూసే రెండో పోలిక) తప్పకుండా పెట్టండి. జావా లిస్ట్ సార్ట్ స్టేబుల్, అంటే సమానమైన వరుసల పాత క్రమాన్ని చెడగొట్టదు, అన్నది నిజమే, కానీ డేటాబేస్ నుంచి వరుసలు వచ్చే క్రమమే ఒక్కోసారి మారితే స్టేబుల్ సార్ట్ ఏం చేస్తుంది?

చిరాకు పెట్టేవీ ఉన్నాయి. కంపేరింగ్‌కి టైపు చెప్పని లాంబ్డా (పేరులేని చిన్న ఫంక్షన్) ఇచ్చి వెంటనే రివర్స్‌డ్ అంటే కంపైల్ కాదు, మెథడ్ రిఫరెన్స్ ఇస్తే అవుతుంది. కొత్తవాళ్లకి ఆ జెనరిక్స్ ఎర్రర్ మెసేజ్ చదివితే టెన్షనే. అయినా ప్రోగ్రాం నడుస్తుండగా పేరుతో మెథడ్‌ని వెతికే రిఫ్లెక్షన్ కంటే ఇదే మేలు, అందులో గెట్టర్ (విలువ తెచ్చే మెథడ్) పేరు మారినా కంపైలర్ నోరు మెదపదు.

రైతుల పేర్లు తెలుగులో ఎక్కించడం మొదలయ్యాక ఇంకో తేడా బయటపడింది. స్ట్రింగ్ పోలిక ప్రతి అక్షరానికీ ఉండే యూనికోడ్ నంబర్ల ప్రకారం నడుస్తుంది కాబట్టి ళ వచ్చి ల పక్కన, వ కంటే ముందు కూర్చుంటుంది. మన వర్ణమాలలో దాని చోటు హ తర్వాత. అక్షరాల క్రమం మనమే చెప్పుకోగలిగే జావా క్లాస్ రూల్‌బేస్డ్ కొలేటర్‌లో మన వరుస రాసి పేరు కాలమ్‌కి తగిలించాం, మిగతా కోడ్‌లో ఒక్క అక్షరం ముట్టుకోలేదు.

వరుసలు పెరిగి పేజీలుగా చూపించాల్సి వస్తే మాత్రం సార్టింగ్ డేటాబేస్‌లోనే జరగాలి. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌లో (విలువల చోట ప్రశ్నార్థకాలు పెట్టి ముందే రాసుకునే క్వెరీ) ప్రశ్నార్థకం విలువలకే పనికొస్తుంది, సార్ట్ చెప్పే ఆర్డర్ బై కాలమ్ పేరుకి పనికిరాదు. అలాగని యూజర్ పంపిన మాటని నేరుగా క్వెరీకి అతికిస్తే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కి, అంటే బయటివాళ్లు తమ ఆదేశాలని మన క్వెరీలోకి దూర్చడానికి, తలుపు తీసినట్టే. ఇక్కడా అలాంటి మ్యాపే పెట్టుకోండి, కుడివైపు మెథడ్ బదులు టేబుల్‌లోని అసలు కాలమ్ పేరు ఉంటుంది.