పదకొండు నెలల తర్వాత ఆ రిహాబ్ సెంటర్ గురించి, ముఖ్యంగా ఆ కాల్ బెల్ గురించి

మా పెద్దమ్మని అక్కడ చేర్చి పదకొండు నెలలు దాటింది. ఆమెకి 74 ఏళ్లు. మెదడు కుడి వైపు స్ట్రోక్ వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి, ఆస్పత్రి నుంచి ఇంటికి కూడా తీసుకెళ్లకుండా నేరుగా అక్కడికే తెచ్చాం. రూములెలా ఉంటాయి, డాక్టర్ ఎప్పుడెప్పుడు వస్తారు, ఏమేం మెషీన్లున్నాయి, ఇవన్నీ వాళ్లని అడిగితే వాళ్లే చెప్తారు, చెప్పినవి నిజాలే కూడా, కాబట్టి అవేం రాయట్లేదు. నేను రాయాలనుకున్నది కాల్ బెల్ గురించి. మంచం పక్కన వైరుకి వేలాడుతుంటుంది చూడండి, పేషెంట్ నొక్కితే నర్సుల టేబుల్ దగ్గర లైటు వెలుగుతుంది, అది.

ముందు ఒక విషయం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. కుడి మెదడులో స్ట్రోక్ వచ్చినవాళ్లలో చాలామందికి ఎడమ వైపు అనేదే లేకుండా పోతుంది. డాక్టర్లు దీన్ని నెగ్లెక్ట్ అంటారు. కళ్లు బాగానే ఉంటాయి, మెదడే ఆ వైపుని పట్టించుకోదు. మా పెద్దమ్మ ప్లేట్లో కుడి సగం మాత్రం తిని, ఇంక అయిపోయింది అనేది. గడియారం బొమ్మ గియ్యమంటే 12 అంకెలూ కుడి వైపే ఇరికించేసేది. ఎడమ వైపు నిలబడి మాట్లాడితే తల కుడికి తిప్పి ఎవరు పిలిచారా అని చూసేది. పైగా తనకి ఏదో తేడాగా ఉందని తనకే తెలీదు, అది కూడా జబ్బులో భాగమేనంట. ఎలా ఉంది పెద్దమ్మా అంటే నాకేమైంది బానే ఉన్నాను అంటుంది.

అక్కడి థెరపిస్టులు మొదటి రోజే ఇది పట్టుకున్నారు. ఆస్పత్రిలో మాకెవ్వరూ ఇంత వివరంగా చెప్పలేదు. కాగితం మీద అడ్డంగా గీత గీసి దీనికి మధ్యలో మార్క్ పెట్టమని అడిగారు, పెద్దమ్మ బాగా కుడికి జరిగి పెట్టింది, అప్పుడు మమ్మల్ని కూచోబెట్టి చెప్పారు, ఇక నుంచి మీరు ఎడమ వైపు నుంచే పలకరించండి, ఎడమ చెయ్యి ఆమెకి కనపడేలా ఒళ్లో పెట్టండి, ఎడమ వైపు వస్తువులు పెట్టి వెతికించండి, మెదడు మెల్లగా అటు తిరగడం నేర్చుకుంటుంది అని. పొద్దున గంట, సాయంత్రం ముప్పావు గంట థెరపీ. రెండో వారానికే రెండు కడ్డీల మధ్య పట్టుకుని నిలబెట్టారు. నేను ఆ రోజు చుట్టాలందరికీ ఫోన్లు చేసి ఇంత మంచి చోటు దొరకడం మన అదృష్టం అని చెప్పాను. ఆ మాట ఇప్పుడు కూడా తప్పని అనను. కానీ అది రోజుకి గంటా ముప్పావుకి సరిపోయే మాట, మిగతా ఇరవై రెండు గంటలు ఆమె వార్డులో ఉంటుంది, ఆ గంటల సంగతి నేనప్పటికి చూడలేదు.

చేరిన ఇరవై నాలుగో రోజు సాయంత్రం నేను వెళ్లేసరికి పెద్దమ్మ పెదాలు ఎండిపోయి ఉన్నాయి. అమ్మడూ దాహంగా ఉందే, ఎంతసేపటి నుంచి చూస్తున్నా ఎవరూ రావట్లేదు అంది. బెల్ నొక్కొచ్చు కదా పెద్దమ్మా అన్నాను. ఏ బెల్లు, ఇక్కడ బెల్లెక్కడుంది అంది. నేను మంచం చుట్టూ చూశాను. బెల్ ఉంది, మంచానికి ఎడమ పక్క రెయిల్‌కి చక్కగా క్లిప్ పెట్టి ఉంది. నీళ్ల గ్లాసు కూడా ఎడమ వైపు టేబుల్ మీదే, కళ్లజోడు కూడా అక్కడే. ఇదిగో ఇక్కడ అని చూపిస్తుంటే ఆమె కుడి వైపు గోడ మీద వెతుకుతోంది. పడిపోయిన చెయ్యి వైపు, మెదడు చూడని వైపు, ఆ రెండూ కలిసిన వైపు బెల్ పెట్టారు. ఇరవై మూడు రాత్రులు.

బయటికెళ్లి ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని అడిగితే ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. మీ పెద్దమ్మగారు రాత్రిళ్లు ఒక్కసారి కూడా పిలవరండి, చాలా మంచి పేషెంట్, మమ్మల్ని అస్సలు ఇబ్బంది పెట్టరు అంది. చార్ట్ చూపించమన్నాను, చూపించింది. ప్రతి రాత్రీ ఒకే మాట, కాల్స్ లేవు, నిద్ర బాగుంది. ఒక్కో పేజీ తిప్పుతుంటే నాకు కడుపులో చెయ్యి పెట్టి కెలికినట్టయింది. ఆమె అబద్ధం రాయలేదు. బెల్ మోగలేదు కాబట్టి నిద్ర బాగుందనుకున్నారు, ఇంకెవరూ వెళ్లి అడగలేదు.

ఎందుకలా పెట్టారని తవ్వితే తేలింది ఇది. థెరపిస్ట్ మంచం దగ్గర ఒక కాగితం అతికించింది, వస్తువులన్నీ ఎడమ వైపు పెట్టి వెతికించాలి అని. వార్డు అటెండెంట్లు దాన్ని అక్షరాలా పాటించారు, అన్నీ అంటే బెల్ కూడా. ఆ కాగితం చూసి థెరపిస్ట్ తల పట్టుకుంది, నేను రాసింది పక్కన మనిషి ఉన్నప్పుడు చేయించే ప్రాక్టీస్ గురించండి, బెల్లు, మంచినీళ్లు ఎప్పుడూ పనిచేసే చేతి వైపే ఉండాలి అంది. ఆమె తప్పు లేదు, అటెండెంట్ల తప్పూ పెద్దగా లేదనే అనుకుంటున్నా, చెప్పింది చెప్పినట్టు చేశారు. థెరపీ హాల్లో తెలిసిన విషయం వార్డు దాకా ఒక కాగితం ముక్కగా వెళ్లింది, దాన్ని చదివి ఇది బెల్‌కి కూడానా అని అడిగే మనిషి మధ్యలో ఎవరూ లేరు. నా కోపమంతా అక్కడే ఉంది, ఇప్పటికీ పోలేదు.

ఆ ఇరవై మూడు రాత్రులు ఊరికే పోలేదు. మర్నాడు పొద్దున స్నానం చేయించేటప్పుడు నేను కూడా ఉన్నాను, నడుం కింద తోకెముక దగ్గర చర్మం లేచిపోయి ఉంది, బెడ్ సోర్, రెండో స్టేజీ అన్నారు. మన ఒంటి రంగుకి మొదటి స్టేజీలో ఎర్రదనం సరిగ్గా కనపడదంట, చేత్తో తడిమి చూడాలి, చుట్టూ ఉన్న చర్మం కన్నా వేడిగా గానీ గట్టిగా గానీ ఉంటే అదే గుర్తు, నొక్కి వదిలినా రంగు మారదు. ఇది నాకు ముందే తెలిసుంటే రోజూ నేనే చూసేదాన్ని. రాత్రి తడిసిన డైపర్‌లోనే తెల్లారేదాకా పడుకోవడం, ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పమని అడగలేకపోవడం, ఈ రెండూ చాలు పుండు పడ్డానికి. ఎయిర్ బెడ్ వేశారు కదా అని నేను ధైర్యంగా ఉన్నాను, ఎయిర్ బెడ్ ఉన్నా మనిషిని అటూ ఇటూ తిప్పాల్సిందేనని తర్వాత తెలిసింది. ఇక్కడ వాళ్ల గురించి మంచి కూడా చెప్పాలి, మానడానికి ఐదు వారాలు పట్టింది కానీ ఆ ఐదు వారాలూ డ్రెస్సింగ్ ఒక్క రోజు తప్పలేదు, పుండు మీద బరువు పడకుండా కింద వేసే గాలి రింగు నేను కొనుక్కొస్తే అది చుట్టూ రక్తప్రసరణ ఆపేస్తుంది వద్దని వెనక్కి పంపింది కూడా అదే ఇన్‌ఛార్జ్ సిస్టరే.

నన్ను ఇంకా ఎక్కువ కదిలించింది డైపర్ సంగతి. చేరిన వారానికి వాళ్లు బార్తెల్ స్కోర్ అని వేస్తారు, తినడం, స్నానం, బాత్రూం, నడవడం ఇలా పది పనులకి మార్కులు, మొత్తం 100. పెద్దమ్మకి 20 వచ్చింది. మూత్రం మీద అదుపు అన్న దగ్గర సున్నా. స్ట్రోక్ కదా అంతే కాబోలు అనుకున్నాం, ఆమెకి జీవితాంతం డైపరే అని మా ఇంట్లో అందరం మనసుకి సర్దిచెప్పుకున్నాం కూడా. బెల్ కుడి చేతికి అందేలా మార్చాక, మొదటి రెండు రోజులు నొక్కడమే గుర్తుండేది కాదు, నేను ఆమె చేతిలో పెట్టి పదిసార్లు నొక్కించాను, మూడో రోజు నుంచి నొక్కడం మొదలుపెట్టింది. రెండు వారాలకి పగలు డైపర్ తీసేశారు. అంటే ఆమెకి అదుపు ఉంది. మొదట్నుంచీ ఉంది. వస్తోందని తెలుస్తోంది, చెప్పడానికి దారి లేదు. తనంత శుభ్రంగా ఉండే మనిషి మా కుటుంబంలో ఇంకొకరు లేరు, ఆ ఇరవై మూడు రాత్రులు ఆమె ఏమనుకుందో నేను అడగలేదు, అడిగితే నాకేమైంది బానే ఉన్నాను అంటుందని తెలుసు.

ఆ తర్వాత నుంచి నేను వెళ్లినప్పుడల్లా ఏదో ఒక టైంలో బెల్ నొక్కి వాచీ చూసేదాన్ని. పెద్దమ్మకి నిజంగా ఏదైనా కావాల్సినప్పుడే నొక్కాను, ఊరికే వాళ్లని పరుగులు పెట్టించలేదు. పగలు రెండు మూడు నిమిషాల్లో వస్తారు, బాగుంది. రాత్రి ఎనిమిదికి షిఫ్ట్ మారుతుంది, ఆ టైంలో ఒకసారి పద్దెనిమిది నిమిషాలు, ఇంకోసారి పదమూడు. వాళ్ల టేబుల్ దగ్గర నుంచే లైటు ఆపేసే బటన్ ఉందని కూడా అప్పుడే చూశాను, ఆపేసి వస్తున్నాం అని గట్టిగా చెప్పి ఇంకో పేషెంట్ దగ్గరికి వెళ్లిపోతే ఇక గుర్తు చేసేది ఏదీ ఉండదు. మంచం దగ్గరికొస్తే తప్ప ఆగని బెల్ అయితే ఈ సమస్య ఉండదు. ఈ విషయం మేనేజర్‌కి రాసిచ్చాను, సిస్టమ్ మార్చలేదు కానీ షిఫ్ట్ మారేటప్పుడు ఒక అటెండెంట్‌ని కారిడార్‌లోనే ఉంచడం మొదలుపెట్టారు, దాంతో చాలా తగ్గింది. ఆదివారాలు మాత్రం మళ్లీ అదే కథ.

ఒక నైట్ అటెండెంట్ గురించి రాయకపోతే నాకు మనసొప్పదు. ఆ అమ్మాయి పెద్దమ్మ ప్లేట్లో ఎడమ సగం అలాగే మిగిలిపోవడం చూసి, ఎవరూ చెప్పకుండానే, ప్లేట్ మెల్లగా సగం తిప్పి పెట్టేది, పెద్దమ్మ అరే ఇంకా ఉందే అని మళ్లీ తినేది. ఆ నెలలో పెద్దమ్మ బరువు తగ్గడం ఆగింది. మింగేటప్పుడు గడ్డం కాస్త కిందికి దించమని చెప్పడం, తిన్నాక అరగంట కూర్చోబెట్టే ఉంచడం, ఇవన్నీ ఆ అమ్మాయి చూసుకునేది. ఐదు నెలలకి మానేసి వెళ్లిపోయింది. తర్వాత వచ్చినవాళ్లు మంచివాళ్లే, కానీ ప్రతి కొత్త మనిషికీ ప్లేట్ సంగతి, బెల్ సంగతి, ఎడమ చెయ్యి పట్టుకుని లాగకూడదు భుజం జారుతుంది అన్న సంగతి, మొదట్నుంచీ నేనే చెప్పుకోవాల్సి వచ్చింది. ఇప్పటికి ఏడుగురికి చెప్పాను.

కొత్తగా ఎవరినైనా చేర్చాలని చూస్తున్నవాళ్లు నన్ను అడిగితే నేను చెప్పేది, థెరపీ హాలు చూపిస్తారు, చూడండి, కానీ అక్కడ ఎక్కువసేపు ఉండకండి. ఇప్పటికే ఉన్న పేషెంట్ల మంచాల దగ్గర నిలబడి బెల్ ఎక్కడుందో చూడండి, ఆ మనిషికి ఏ చెయ్యి పనిచేస్తుందో చూడండి. వీలైతే చెప్పకుండా రాత్రి షిఫ్ట్ మారే టైంకి ఒకసారి, ఆదివారం ఒకసారి వెళ్లండి. థెరపిస్ట్ చెప్పింది రాత్రి డ్యూటీ అటెండెంట్‌కి ఎవరు చెప్తారు, నోటితోనా కాగితంతోనా అని అడగండి, మేం అడిగి ఉంటే అప్పుడే వాళ్లు తడబడేవాళ్లేమో.

మరి ఈ చోటు మంచిదా కాదా అంటే, మా పెద్దమ్మకి పిల్లల్లేరు, చూసుకునేది నేనూ మా తమ్ముడూ, నా ఆఫీసు నుంచి అది పావుగంట దూరం, అందుకే దాదాపు రోజూ వెళ్లగలిగాను. నేను వెళ్లగలిగాను కాబట్టే ఇరవై నాలుగో రోజైనా తెలిసింది. వేరే ఊళ్లో ఉంటూ నెలకోసారి వచ్చి చూసేవాళ్లకి, అందులోనూ తన ఇబ్బంది తను చెప్పలేని పేషెంట్ అయితే, నేను ధైర్యంగా చేర్చండి అని చెప్పలేను. తుంటి ఆపరేషన్ లాంటిది అయి, మాట, తెలివి బాగుండి, గట్టిగా పిలవగలిగినవాళ్లకి అయితే ఆ థెరపిస్టుల కోసమైనా వెళ్లొచ్చు అంటాను. పెద్దమ్మని మేం వేరే చోటికి మార్చలేదు. స్ట్రోక్ తర్వాత మొదటి మూడు నెలల్లోనే ఎక్కువ మెరుగుదల వస్తుందన్నారు, ఆ టైంలో కొత్త మనుషులు, కొత్త చోటు పెట్టడానికి భయమేసింది, తర్వాత ఆమెకే అలవాటైపోయింది.

బార్తెల్ స్కోర్ ఇప్పుడు 65. వాకర్‌తో రూమ్ నుంచి హాలు దాకా వెళ్తుంది, ఎడమ వైపు తలుపు అంచుకి ఇంకా గుద్దుకుంటుంది, పక్కన ఒకరు ఉండాల్సిందే. పోయిన నెల గడియారం గీయమంటే 7, 8 అంకెలు ఎడమ వైపుకి వచ్చాయి, 9 నుంచి మళ్లీ మధ్యలోకి వచ్చేశాయి. బెల్ కుడి రెయిల్‌కే ఉంది. దుప్పట్లు మార్చేటప్పుడు దాన్ని తీసి అటు పక్క పెట్టి మర్చిపోతుంటారు, అందుకని నేను వెళ్లగానే చూసేది ముందు దాన్నే.