బరువు తగ్గించే ఆపరేషన్‌తో పాటు ‘ఏడాది సంరక్షణ ప్యాకేజీ’ కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

విజయవాడలోనో గుంటూరులోనో బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకోవడానికి డబ్బు సర్దుకుంటున్న కుటుంబాల కోసం రాస్తున్నాను. ఆపరేషన్ వద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. మా వారికి విజయవాడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గ్యాస్ట్రిక్ బైపాస్, అంటే జీర్ణాశయాన్ని చిన్నది చేసి నేరుగా చిన్న పేగుకు కలిపే ఆపరేషన్ చేశారు. సర్జన్ పనిలో నాకు ఏ లోపమూ కనిపించలేదు. గాయాలు చక్కగా మానాయి, బరువు తగ్గుతున్నారు. మమ్మల్ని ముంచింది ఆపరేషన్ కాదు, దానితో పాటు అంటగట్టిన సంరక్షణ ప్యాకేజీ.

మా వారిది గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క, 41. పదేళ్ళుగా షుగరు, బీపీ. ఇంత బీఎంఐ ఉంటే ఆరోగ్య బీమా నిబంధనల ప్రకారం ఈ ఆపరేషన్‌కు డబ్బు రావచ్చు. బీఎంఐ 40 దాటినా, 35 దాటి షుగరు అదుపులో లేకపోవడం లాంటి తీవ్రమైన జబ్బు తోడున్నా బీమా కంపెనీ పరిశీలించాలి. మాకు ఆపరేషన్ ఖర్చు వచ్చింది. ప్యాకేజీ ఖర్చు రాలేదు, అది వైద్యం కింద లెక్కకు రాదన్నారు. ఆ 45,000 రూపాయలూ మా చేతి నుంచే కట్టాం. ఏడాది పాటు డైటీషియన్ పర్యవేక్షణ, ఏ వేళ ఫోను చేసినా పలికే సహాయ కేంద్రం, నెలనెలా ఇంటికి వచ్చే పోషకాహార పెట్టె అని కౌన్సెలర్ చెప్పారు. ఆవిడ మాటతీరు ఎంత ఆప్యాయంగా ఉందంటే, ఆవిడ వైద్య సిబ్బంది కాదనీ ప్యాకేజీలు అమ్మే ఉద్యోగి అనీ చాలా రోజుల తర్వాత గానీ మాకు తెలియలేదు.

ఇంటికి వచ్చిన రెండో వారం నుంచి మా వారికి కళ్ళు తిరగడం మొదలైంది. మంచం మీద నుంచి లేస్తే గోడ పట్టుకోవలసి వచ్చేది. స్నానం చేసి బయటికి వచ్చేటప్పుడు ఒకసారి తూలి తలుపు మీద పడ్డారు. సహాయ కేంద్రానికి ఫోను చేస్తే, ‘ఆపరేషన్ తర్వాత ఇది మామూలేనండీ, గ్లూకోజు నీళ్ళు తాగించండి’ అన్నారు. బీపీ ఎంత ఉంది, షుగరు ఎంత ఉంది, రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతున్నారు, ఏ మాత్రలు వేసుకుంటున్నారు, ఇందులో ఒక్కటీ అడగలేదు. గ్లూకోజు తాగిన పావుగంటకు ఒళ్ళంతా చెమటలు పట్టి, గుండె దడదడలాడి, పడుకుంటే తప్ప నిలవలేని స్థితికి వచ్చారు. మళ్ళీ ఫోను చేస్తే మళ్ళీ అదే జవాబు. వాట్సాప్‌లో డైటీషియన్ పేరుతో వచ్చే సందేశాలు కూడా ముందే రాసిపెట్టుకున్నవేనని తర్వాత అర్థమైంది. నేను ‘మూడుసార్లు వాంతి అయింది’ అని రాస్తే, ‘బాగుంది, ఇలాగే కొనసాగించండి’ అని జవాబు వచ్చింది. ఆ సందేశం ఇప్పటికీ నా ఫోనులో ఉంది.

చివరికి గుంటూరు కొత్తపేటలో మాకు తెలిసిన ఒక ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ముందుగా పడుకోబెట్టి బీపీ చూశారు. తర్వాత లేపి నిలబెట్టి, మూడు నిమిషాల్లోపు మళ్ళీ చూశారు. పై అంకె 20 కన్నా ఎక్కువ పడిపోయింది. అప్పుడు డిశ్చార్జి పత్రం అడిగి చదివారు. అందులో ‘పాత మందులు యథావిధిగా’ అని ఒకే వాక్యం ఉంది. ఆ పాత మందుల్లో ఒకటి మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే మందు కలిసిన బీపీ మాత్ర. ఇంకొకటి షుగరును బలవంతంగా దించే గ్లిమిపిరైడ్.

ఆయన వివరించాక గానీ మాకు విషయం తెలియలేదు. బైపాస్ తర్వాత బరువు తగ్గడానికి నెలలు పట్టినా షుగరు మాత్రం రోజుల్లోనే దిగిపోవచ్చు. పేగుల నుంచి వచ్చే హార్మోన్లు మారతాయి, తిండీ బాగా తగ్గిపోతుంది. 120 కిలోల మనిషి కడుపు నిండా తిని వేసుకున్న మోతాదునే రెండు చెంచాల జావ తాగే మనిషి వేసుకుంటే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. నీళ్ళు చాలక ఒళ్ళు ఎండిపోతున్న మనిషికి మూత్రం మందు ఇస్తే బీపీ పడిపోతుంది. అందుకే డిశ్చార్జి రోజునే ఈ మందులన్నీ ఒక్కొక్కటిగా మళ్ళీ చూసి తగ్గించాలి, కొన్ని ఆపేయాలి. ఆ పని చేయడానికే కదా మేము పర్యవేక్షణకు డబ్బు కట్టింది! డాక్టరుగారు ఆ రెండూ ఆపించారు, సెలైన్ పెట్టించారు, రక్త పరీక్షలు రాశారు. వారం తిరక్కుండా మా వారు గోడ పట్టుకోకుండా నడిచారు. మందులు మీ అంతట మీరు మాత్రం ఆపకండి. డిశ్చార్జి పత్రం తీసుకుని వెంటనే డాక్టరుకు చూపించండి.

పోషకాహార పెట్టె సంగతి చెప్పకుండా ఉండలేను. డబ్బా మీద కండలు తిరిగిన మనిషి బొమ్మ, లోపల తియ్యటి పొడి. వెనక చిన్న అక్షరాల్లో చదివితే పదార్థాల వరుసలో మొదట మాల్టోడెక్స్‌ట్రిన్ (ఒంట్లో చక్కెరలాగే త్వరగా అరిగే పిండి పదార్థం), తర్వాత చక్కెర, ఆ తర్వాతే పాల ప్రొటీను. ఏది ఎక్కువ బరువు ఉంటే అది వరుసలో ముందు రాయాలన్నది ఆహార లేబుళ్ళ నియమం. 100 గ్రాముల పొడిలో ప్రొటీను 20 గ్రాములే. వాళ్ళు చెప్పిన కొలత 30 గ్రాములు, అంటే ఒక కోడిగుడ్డులో ఉన్నంత ప్రొటీను, మిగతాది చాలావరకు పిండీ తీపీ. ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకు రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీను కావాలి. ఆ పొడితో 60 గ్రాములు తెచ్చుకోవాలంటే పది కొలతలు తాగాలి. బైపాస్ అయినవాళ్ళకు ఏది పడదో దాన్నే ప్యాకేజీ పేరుతో నెలనెలా ఇంటికి పంపించారు.

తీపి ఎందుకు పడదో తెలిస్తే సగం భయం పోతుంది. మామూలుగా జీర్ణాశయం ఆహారాన్ని కొంచెంకొంచెంగా చిన్న పేగులోకి వదులుతుంది. బైపాస్‌లో జీర్ణాశయం పై భాగాన్ని సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిలా చేసి, దాన్ని నేరుగా చిన్న పేగుకు కలుపుతారు. వాకిలి దగ్గర కాపలా లేనట్టే. చిక్కటి తీపి ఒక్కసారిగా పేగులోకి దిగగానే, దాన్ని పలుచన చేయడానికి రక్తంలోని నీరు పేగులోకి వెళ్తుంది. తిన్న 10 నుంచి 30 నిమిషాల్లో దడ, చెమట, కడుపులో మెలిపెట్టడం, విరేచనం, కళ్ళు తిరగడం వస్తాయి. డాక్టర్లు దీన్ని డంపింగ్ అంటారు. ఇంకో రకం గంట నుంచి మూడు గంటల తర్వాత వస్తుంది. తీపికి ఇన్సులిన్ అతిగా విడుదలై షుగరు పడిపోతుంది, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. స్లీవ్ ఆపరేషన్ (జీర్ణాశయాన్ని సన్నని గొట్టంలా కత్తిరించేది) అయినవాళ్ళకూ డంపింగ్ రావచ్చు గానీ బైపాస్ వాళ్ళలోనే ఎక్కువ.

కాబట్టి కళ్ళు తిరిగినప్పుడల్లా గ్లూకోజు నీళ్ళు తాగించడం మందు కాదు. ముందు గ్లూకోమీటరుతో చూడాలి. 70 కన్నా తక్కువ ఉంటే కొద్దిగా తీపి ఇవ్వవలసిందే, అందులో ఆలస్యం కూడదు. షుగరు తేరుకున్నాక గుడ్డో పెరుగో పెట్టాలి. మీటరులో అంకె బాగానే ఉంటే పడుకోబెట్టి కాళ్ళు కాస్త ఎత్తులో పెట్టి, బీపీ చూసి డాక్టరుకు ఫోను చేయాలి. ఇంట్లో గ్లూకోమీటరు, బీపీ యంత్రం లేకుండా ఈ ఆపరేషన్‌కు వెళ్ళకండి. రెండూ కలిపినా ఆ ప్యాకేజీ ఖర్చులో చిన్న భాగమే.

అన్నిటికన్నా గట్టిగా చెప్పవలసినది వాంతుల గురించి. ఆపరేషన్ తర్వాత మొదటి కొన్ని నెలల్లో రోజుల తరబడి వాంతులు అవుతుంటే ఒంట్లో బి1 విటమిన్ నిల్వలు అడుగంటిపోతాయి. నడక తూలడం, చూపు రెండుగా కనిపించడం, మతిమరుపుగా మాట్లాడటం మొదలైతే అది మెదడుకు ముప్పు వచ్చిన సంకేతం. ఆ స్థితిలో బి1 ఇవ్వకుండా గ్లూకోజు సెలైన్ ఎక్కిస్తే పరిస్థితి విషమిస్తుంది. ఏ ఆసుపత్రికి తీసుకెళ్ళినా ‘బరువు తగ్గించే ఆపరేషన్ అయింది, వాంతులు అవుతున్నాయి, బి1 ఇచ్చారా’ అని నోరు తెరిచి అడగండి. అడిగితే డాక్టరు ఏమనుకుంటారోనని మొహమాటపడకండి. నా వాంతుల సందేశానికి ‘బాగుంది’ అన్న మనుషులను నేను క్షమించలేకపోవడానికి కారణం ఇదే.

మా ఎండలూ మీకు తెలుసు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటిన యార్డులో మిర్చి ఘాటు మధ్య తిరిగే మనిషి రోజుకు కనీసం లీటరున్నర ద్రవాలు తాగాలి. ఆ చిన్న సంచికి గ్లాసు నీళ్ళు ఒక్కసారి పట్టవు, గుక్కగుక్కగా రోజంతా తాగుతూనే ఉండాలి. మా వారు సీసా పక్కన పెట్టుకుని గుమస్తా చేత గుర్తు చేయించుకుంటారు. పలుచటి మజ్జిగ, పప్పుకట్టు, ఉప్పు వేసిన చారు బాగా సరిపడ్డాయి. బెంజి సర్కిల్ దగ్గర చెరకు రసం బండి కనిపిస్తే ముఖం తిప్పుకోవడం నేర్చుకున్నారు. నూజివీడు రసాల కాలంలో కష్టపడ్డారు, పాపం. అన్నంతో పాటు నీళ్ళు తాగకూడదన్నది మాకు అలవాటు లేని నియమం. తిన్నాక అరగంట ఆగాలి. పళ్ళెంలో ముందు గుడ్డు, చేప, పెసరపప్పు, పనీరు లాంటివి తినాలి. అన్నం చివర్న, చోటు ఉంటే.

మాత్రలు జీవితాంతం. మల్టీవిటమిన్, బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి. కాల్షియంలో సిట్రేట్ రకం మేలు, కార్బొనేట్ అరగడానికి కావలసిన ఆమ్లం ఆ చిన్న సంచిలో పెద్దగా ఉండదు. ఐరన్‌కూ కాల్షియంకూ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. మా పెట్టెలో వచ్చిన కాల్షియం కార్బొనేట్ రకమే, అదీ ఐరన్‌తో కలిపి ఒకే పొట్లంలో ‘ఉదయం’ అని రాసి! నెలల తర్వాత నిదానంగా మొదలయ్యే కళ్ళు తిరగడానికి రక్తహీనత పెద్ద కారణం. మొదటి ఏడాది మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆ తర్వాత ఏటా రక్త పరీక్షలు తప్పనిసరి. బైపాస్ అయినవాళ్ళు మోకాళ్ళ నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి మందుల షాపులో అడిగి కొనకూడదు. కుట్టు దగ్గర పుండు పడవచ్చు. ఈ సంగతి కూడా ప్యాకేజీ వాళ్ళు చెప్పలేదు.

ఇక కొనేవాళ్ళు ఏం చేయాలి? కౌన్సెలర్‌తో కాదు, సర్జన్‌తోనే మాట్లాడండి. ‘రాత్రి పదింటికి కళ్ళు తిరిగితే ఫోను ఎత్తేది ఎవరు, ఆయన డాక్టరేనా?’ అని అడగండి. ‘డిశ్చార్జి రోజున బీపీ, షుగరు మందులు ఎవరు మారుస్తారు?’ అని అడగండి. నెలకు ఎన్నిసార్లు డైటీషియన్ స్వయంగా మాట్లాడతారో, రక్త పరీక్షలు ప్యాకేజీలో ఉన్నాయో లేవో కాగితం మీద రాయించండి. పొడి డబ్బా ముందే చూపించమనండి, లేబుల్ ఫోటో తీసుకోండి. 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు నంబరు లేకపోతే ముట్టుకోవద్దు. ప్యాకేజీ తీసుకోకపోతే ఆపరేషన్ చేయబోమని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. విజయవాడ సూర్యారావుపేటలో అడుగుకో ఆసుపత్రి ఉంది.

ఇప్పటికే కొన్నవాళ్ళు మీ వైద్య రికార్డులు రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లోపు ఇవ్వాలని డాక్టర్లకు నియమం ఉంది. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు, కానీ రెండేళ్ళలోపు వేయాలి. నేను 1915లో ఫిర్యాదు నమోదు చేయించాను. ఆ తర్వాతే ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. మిగిలిన నెలల డబ్బు తిరిగి ఇస్తామన్నారు. ఆ మాట రాతలో పంపమన్నాను, ఇంకా పంపలేదు. డబ్బు ఖాతాలో పడేదాకా ఫిర్యాదు వెనక్కు తీసుకోను. ఇలాంటి ప్యాకేజీ కొని ఇబ్బంది పడుతున్నవాళ్ళు రసీదులు, వాట్సాప్ సందేశాలు, పొడి డబ్బాలు పారేయకండి, ఫిర్యాదుకు అవే ఆధారం.