వండర్‌లానా, రామోజీ ఫిల్మ్ సిటీనా?

ఉద్యోగాల్లో ఉన్న పిల్లలు సెలవుకి వచ్చారు. వాళ్లకి రోలర్ కోస్టర్ కావాలి, మీకేమో ఘాట్ రోడ్డెక్కితేనే కడుపులో తిప్పుతుంది. హైదరాబాద్‌లో ఎటు వెళ్లాలి?

ఖర్చు: వండర్‌లా టికెట్‌లోనే రైడ్లు కలిసి ఉంటాయి, ఎక్కని మనిషికి దండగ. రామోజీ టికెట్‌లో బస్సు టూర్, షోలు వస్తాయి, ఇంటిల్లిపాదికీ గిట్టుబాటు.

శ్రమ: వండర్‌లాలో క్యూలు, రామోజీలో ఎండలో నడక.

రిస్క్: అసలు సంగతి ఇదే. వండర్‌లాలో రికాయిల్ కోస్టర్ వెళ్లిన దారినే వెనక్కి కూడా వస్తుంది. అది చూడగానే మీరే మానేస్తారు. ఎక్కడైనా సరే, మోసం చేసేది తెర ముందు కుర్చీలో కూర్చోబెట్టే సిమ్యులేటర్. కళ్లు పరుగెడుతున్నామంటాయి, చెవి లోపలి బ్యాలెన్స్ అవునని ఒప్పుకోదు, వికారం మొదలవుతుంది. అది మాత్రం మొహమాటానికి కూడా ఎక్కకండి. రామోజీలో బస్సు ముందు సీట్లో కూర్చుని దూరంగా చూస్తుంటే చాలావరకు ఇబ్బంది ఉండదు.

మాత్ర వేసుకోవాలంటే డాక్టర్‌ని అడిగి, వికారం మొదలవ్వక ముందే వేసుకోవాలి. మగత వస్తుంది, తిరుగు ప్రయాణంలో స్టీరింగ్ పిల్లలకివ్వండి.

పిల్లలు ఇద్దరు ముగ్గురుండి, వాళ్లలో వాళ్లు తిరిగేస్తారంటే వండర్‌లా. ఒక్కరే ఉన్నా, రోజంతా అందరూ కలిసే ఉండాలన్నా నా ఓటు రామోజీకే.