మిగులు సైనిక స్థలం: వాటా అమ్మాలా, లీజుకివ్వాలా?

సైన్యం ఖాళీ చేసిన స్థలాన్ని ప్రైవేటు వాళ్లతో కలిసి నడపడంలో రెండు దారులనూ పక్కపక్కన పెట్టి చూడాలంటే ఫిలిప్పీన్స్‌కు వెళ్లాలి. 1992 నాటి 7227 నంబరు చట్టం కిందే మనీలా నడిబొడ్డున ఉన్న ఫోర్ట్ బొనిఫాసియో అనే సైనిక స్థలంలో వాటా అమ్మారు, అంతకుముందు అమెరికా సైన్యం వాడిన క్లార్క్ వైమానిక స్థావరాన్ని లీజులకిచ్చారు.

బొనిఫాసియోలో 214 హెక్టార్లకు 1995లో బిడ్లు పిలిచారు. గెలిచిన మెట్రో పసిఫిక్ బృందం చదరపు మీటరుకు 33 వేల పెసోల పైనే పాడింది. 55 శాతం వాటాకు అది దాదాపు 3,900 కోట్ల పెసోలు. మిగతా 45 శాతం బీసీడీఏ అనే, సైనిక స్థావరాల భూములు చూసే ప్రభుత్వ సంస్థ అట్టేపెట్టుకుంది. సర్కారుకు పెద్ద మొత్తమే చేతికొచ్చింది. రెండేళ్లకే ఆసియా ఆర్థిక సంక్షోభం ముంచుకొచ్చి పాట పాడినవాళ్లు అప్పుల్లో కూరుకుపోయారు. 2003లో అయాలా, ఎవర్‌గ్రీన్ సంస్థలు ఆ వాటా అందుకున్నాకే పని ఊపందుకుంది. కాబట్టి ఎక్కువ పాడిన వాడికే కట్టబెట్టడం తెలివైన పనేమీ కాదు. అప్పు ఎంత, సొంత పెట్టుబడి ఎంత అన్నది బిడ్డు విప్పేటప్పుడే చూడాలి. ఆ 45 శాతమే లేకపోతే తర్వాత పెరిగిన భూమి విలువలో సర్కారుకు దక్కేది పన్నులే.

క్లార్క్ కథ వేరు. 1991 జూన్‌లో పినటూబో అగ్నిపర్వతం బద్దలై, బూడిదపై వాన పడి, ఆ బరువుకు కప్పులు కూలాయి. నవంబరులో అమెరికన్లు వెళ్లిపోయారు. స్థావరాన్ని చూసుకునే అభివృద్ధి సంస్థ 1993లో గానీ రాలేదు. ఈలోగా దొంగలు అందినకాడికి ఊడ్చుకుపోయారు. ఖాళీ భవనానికి కాపలా, కప్పు మరమ్మతు మొదటి రోజు నుంచే ఉండాలి. ఒప్పందం కుదిరాక చూద్దామంటే మిగిలేది గోడలే.

లీజులో భూమి చేజారదు, అద్దె ఏటా వస్తుంది. చిక్కంతా గడువు చివర్లోనే. 50 ఏళ్ల లీజులో పన్నెండేళ్లే మిగిలితే బ్యాంకు పదిహేనేళ్ల అప్పివ్వదు, లీజుదారు పైపులు మార్చడు. పొడిగింపు నిర్ణయం పదిహేనేళ్ల ముందే తేలాలని, మరమ్మతుల డబ్బు ఏటా విడి ఖాతాలో వేయాలని పత్రంలోనే రాసుకోవాలి.

నగరం మధ్య భూమైతే వాటా పద్ధతే నయం, సర్కారు చేతిలో కనీసం మూడో వంతు ఉంటేనే. రన్‌వే ఉన్న చోట లీజే. మళ్లీ సైన్యానికి అవసరం పడొచ్చు.

ఏ దారైనా ఇంధన ట్యాంకులు, వర్క్‌షాపులు, ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర మట్టి, బావుల్లో నీరు సంతకాలకు ముందే పరీక్షించాలి. 1947 నాటి స్థావరాల ఒప్పందంలో శుభ్రం చేసే బాధ్యత అమెరికాపై పెట్టలేదు. ఆ మురికి ఫిలిప్పీన్స్ నెత్తినే పడింది.