అరకొర మాటకు తీర్పు: మూడు పద్ధతుల్లో ఏది మేలు?

కార్డ్ టోర్నమెంట్లలో జడ్జిని పిలిపించే గొడవల్లో చాలావాటికి మూలం అరకొర మాటే. ఒకరు సగం చెబుతారు, ఎదుటివారు మిగతా సగం తమకు అనుకూలంగా పూరించుకుంటారు. జడ్జి అన్న మాటనే పట్టుకోవచ్చు, ఉద్దేశం వెతకవచ్చు, లేదా అలాంటి మాటకు రూల్స్‌లో ముందే రాసిపెట్టిన అర్థాన్ని అమలు చేయవచ్చు.

అన్న మాటే చెల్లుతుందంటే పని తొందరగా తెములుతుంది. పోకర్‌కి ఇది బాగా నప్పుతుంది. అక్కడ తన వంతులో నోటితో అన్నదానికి కట్టుబడాలి. పందెం ఎదురుగా ఉన్నప్పుడు ఏమీ అనకుండా ఒకే పెద్ద చిప్ (పందేనికి మించిన విలువున్న బిళ్ల) వేస్తే అది కాల్, అంటే ఆ పందేనికి సరిపడా వేయడం మాత్రమే. రెయిజ్ చేద్దామనుకున్నానని, అంటే పందెం పెంచుదామనుకున్నానని తర్వాత అంటే కుదరదు. కానీ ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ అనే కార్డ్ ఆటలో ఇదే పట్టుదల బెడిసికొడుతుంది. పిథింగ్ నీడిల్ అనే కార్డు వేసినవాళ్లు ఒక కార్డు పేరు చెప్పాలి; ఆ పేరున్న కార్డు శక్తులను వాడకుండా అది అడ్డుకుంటుంది. బోర్బోరిగ్మోస్ అని ఒక కార్డుంది, బోర్బోరిగ్మోస్ ఎన్‌రేజ్డ్ అని వేరొకటుంది. ఎదుటి డెక్‌లో రెండోదే ఉందని ఇద్దరికీ తెలిసినా, పొట్టి పేరును అక్షరాలా తీసుకుంటే నీడిల్ వృథా. పొరపాటు గమనించి కిమ్మనకుండా కూర్చున్నవారికి లాభం. ఇది ఆటలో నేర్పు ఎలా అవుతుంది?

ఉద్దేశం చూడటం న్యాయంగానే కనిపిస్తుంది. చిక్కల్లా సమయంతోనే: జడ్జి వచ్చేసరికి దాచిన ముక్క బయటపడి ఉంటుంది, ఇక అందరి ఉద్దేశమూ గెలిచే ఎత్తే అవుతుంది. అందుకే బ్రిడ్జ్ దీన్ని కట్టడిలో పెట్టింది. మిగిలిన ట్రిక్కులన్నీ (ఒక్కో రౌండులో గెలిచే ముక్కల కట్టలు) నావేనని క్లెయిమ్ చేసినవాళ్లు ఎదుటి చేతిలో మిగిలిన ట్రంప్ (తురుపు ముక్క) సంగతి ఎత్తకపోయి, దాన్ని మరిచిపోయి ఉండే అవకాశమూ ఉండి, మామూలు ఆటలో దానికి ఒక ట్రిక్ పోయే వీలుంటే, ఆ ట్రిక్ ఎదుటివారిదే. అజాగ్రత్తగా ఆడటం కూడా అక్కడ మామూలు ఆట కిందకే వస్తుంది.

మూడో పద్ధతికి బ్రిడ్జ్ 46వ నియమం మంచి నమూనా. డిక్లేరర్ (తన చేతితో పాటు భాగస్వామి చేతినీ ఆడించేవారు) డమ్మీ, అంటే బల్లపై పరిచిన ఆ భాగస్వామి చేతి నుంచి రంగు మాత్రం చెప్పి ముక్క చెప్పకపోతే ఆ రంగులో అతి చిన్నది. ‘ఏదో ఒకటి వెయ్’ అంటే ఏది వేయాలో డిఫెండర్లలో (ఎదుటి జట్టువారిలో) ఎవరైనా చెప్పవచ్చు. డిక్లేరర్ ఉద్దేశం వేరని తిరుగులేకుండా తెలిస్తేనే మినహాయింపు. పోకర్‌లో ‘ఐదు’ అన్న పందెం 500 అయినా 5000 అయినా కావచ్చు. ఇంకే ఆధారమూ లేనప్పుడు పాట్ (పోగైన పందెం మొత్తం) 5000 కన్నా తక్కువుంటే 500, 5000 గానీ అంతకు మించి గానీ ఉంటే 5000.

అయితే ఆ రాసిన అర్థం ఆటగాళ్ల వాడుకకు దగ్గరగా ఉండాలి. మ్యాజిక్‌లో ‘కంబాట్’ (దాడి దశకు వెళ్తున్నా) అని, ఎదుటివారు సరే అన్నాక, వెహికల్ కార్డును క్రూ చేయబోతే (దాడికి వీలుగా తన క్రీచర్లతో నడిపించబోతే) సమయం మించిపోయిందనేవారు. షార్ట్‌కట్ (ఒకే మాటతో కొన్ని దశలు దాటినట్టు చూసే నియమం) ప్రకారం కంబాట్ మొదటి దశ అప్పటికే దాటిపోయినట్టు. తీర్పు రూల్ ప్రకారమే ఉన్నా ఆటగాళ్లకు మింగుడుపడేది కాదు. 2017లో షార్ట్‌కట్‌నే మార్చారు: ఎదుటివారు ఏమీ చేయకపోతే ఆ దశలో ప్రయారిటీ (ఎత్తు వేసే వంతు) మళ్లీ దాడి చేసేవారికే వస్తుంది.

కాబట్టి నా ఓటు మూడోదానికే. రాసిన అర్థం లేనిచోట, ఫలితం తెలియకముందే బయటపడిన ఉద్దేశానికి విలువివ్వాలి. అప్పటికీ తేలకపోతే నష్టం అస్పష్టంగా మాట్లాడినవారిదే.

బల్ల దగ్గర పాటించాల్సిన వరుస కూడా ముఖ్యం. ముందు ఆట ఆపించండి, ఎవరూ కొత్త ముక్క తీయకుండా, చేతిలోది చూపకుండా. ఇద్దరినీ విడివిడిగా, రెండోవారికి వినపడనంత దూరంలో అడగండి. ‘మీ ఉద్దేశమేంటి?’ అని మొదలుపెడితే కథ అల్లే అవకాశం మీరే ఇచ్చినట్టు. ‘ఏ మాట అన్నారు, అప్పుడు చెయ్యి ఎక్కడుంది, వాళ్లేమని బదులిచ్చారు?’ అని అడగండి. మనా (కార్డు వేయడానికి కట్టే ఖర్చు) కట్టారా, క్రీచర్‌ను (ప్రాణి కార్డును) వాడినట్టు గుర్తుగా అడ్డం తిప్పారా, చిప్స్ పందెం గీత దాటాయా అన్నది బల్లే చెబుతుంది. మాటలు కలవనప్పుడు మొదట నమ్మాల్సింది దాన్నే.